వంకకు రెండు గట్లు

ఆ పొద్దున కూడా కుళాయి రాలేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలోని ఆ చిన్న పట్టణంలో ఎండాకాలం అది మామూలే. సావిత్రమ్మ బిందె తీసుకుని వంక పక్కనున్న తమ పొలం బావికి పోయింది. కోడలు ప్రమీల ఆఫీసుకు బయలుదేరింది. ఆమె వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ.

ఇంట్లో కొన్నాళ్లుగా ఎవరికీ మనసు బాగాలేదు. పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. వంక పక్క నేలలో ఇళ్లు కట్టకూడదని అందులో ఉంది. వాన నీళ్లు ఇంకేది అక్కడే, ఊరి బోర్లకు ఊట అక్కడిదే. మామ సోమన్న పొలం కూడా ఆ నేలలోదే. దాన్ని వెంచర్ వాళ్లకు అమ్మి ఆదోనిలో చీరల అంగడి పెట్టాలని ప్రమీల భర్త ఈరేష్ ఆశపడ్డాడు. మగ్గం ఇక కూడు పెట్టదని అతనికి అర్థమైపోయింది. ముసాయిదా బయటికి రాగానే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. వంక వెంబడి తిరిగి కొలతలు పంపింది ప్రమీలే.

సాయంత్రం ఈరేష్ చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు.

"అవతలి గట్టున మహేశ్వర్ పొలం ప్లాన్‌లో లేదంట. ఆడ ప్లాట్లకు రాళ్లు పాతుతాండారు. నీకు తెలుసునా?"

ప్రమీలకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. తను పంపిన కొలతల్లో రెండు గట్లూ ఉన్నాయి. పైన ఎవరో అవతలి గట్టును తీసేశారు. అడిగితే, నీ పని నువ్వు చూసుకోమన్నారు.

"తెలుసు," అంది.

"వానికి చేసినోళ్లు మనకు చెయ్యరా? ఒక్క మాట అడిగేకి నీకు నోరు రాలే. నీతంతా మన ఇంటికేనా?"

 ప్రమీల గోడకానుకుని కూర్చుండిపోయింది.

"నేను అడిగితే మనదీ తీసేస్తారేమో," అంది చివరికి. "రెండు గట్లూ పూడిస్తే ఇంగ అత్త నీళ్లకు యాడికి పోవల్ల?"

పొయ్యి దగ్గర రొట్టె తడుతున్న సావిత్రమ్మ చేయి ఆగింది. మగ్గం గుంటలోంచి సోమన్న మెల్లగా లేచాడు. అభ్యంతరాలు వినే మీటింగు రేపే గదా, తాను పోతానన్నాడు. పొలాన్ని ప్లాన్‌లోంచి విడిపించమని అడుగుతాడని ఈరేష్ కాస్త తేరుకున్నాడు. ప్రమీల కూడా అలాగే అనుకుంది. మామను ఆపే ఓపిక ఆమెకు లేదు.

మీటింగులో అభ్యంతరాలు రాసుకునే పని ప్రమీలదే. ముందు కుర్చీలో మహేశ్వర్ కూర్చున్నాడు. సోమన్న వంతు వచ్చింది. మీ పొలం తీసేయమంటారా అని అధికారి అడిగాడు.

"నా పొలం ఉండనీ సార్," అన్నాడు సోమన్న. "అవతలి గట్టు కూడా చేర్చండి. ఒక గట్టుతో వంక పారదు గదా. నాకేం సంతోషం లేదు. అమ్ముకునింటే నా కొడుకు బాగుపడుతుండె. మేం పోగొట్టుకున్నదానికి ఊరికి నీళ్లన్నా మిగలల్ల."

మహేశ్వర్ తల తిప్పుకున్నాడు. వెనక నుంచి ఇంకో ఇద్దరు లేచి తమదీ అదే మాటన్నారు. అధికారి పైకి పంపిస్తామన్నాడు. రాసుకొమ్మని ప్రమీలకు సైగ చేశాడు. మామ పేరు రాస్తుంటే ఆమెకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ ఇంట్లో తను ఒంటరినని ఇన్నాళ్లూ అనుకుంది.

బయటికి వచ్చేసరికి బండి దగ్గర ఈరేష్ ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నాయన ఆటోలో పోయినాడని చెప్పాడు.

"నాకింకా కడుపు మండుతానే ఉంది," అన్నాడు.

"నాకూ అంతే," అంది ప్రమీల.

అతను బండి స్టార్ట్ చేశాడు. "అంగడికి వేరే దారేదన్నా సూస్తాం లే. ఎక్కు."

దారిలో ఆమె అతని వీపుకు నుదురు ఆనించింది. చొక్కా తడుస్తున్నట్టు తెలిసి, ఈరేష్ బండి నెమ్మది చేశాడు.