తలవంచిన ముద్ర

"కుజే గారూ, ఒంటిగంటకు తీర్పు. ఈలోగా నేను మోసం చేయలేదని తేల్చాలి."

ఒసాకాలోని డిటెక్టివ్ కుజే ఆఫీసులోకి లాయర్ తొకునాగ రొప్పుతూ వచ్చేసరికి పది దాటింది. కుజే సహాయకురాలు నావో ఆమెకు కుర్చీ జరిపింది. ఫ్యాక్టరీ విషంతో జబ్బుపడ్డ జాలర్ల కోసం ఇరవై రెండేళ్ళుగా ఫీజు లేకుండా వాదిస్తున్న మనిషి తొకునాగ.

కేసు వదులుకుంటున్నామని చెప్పే రాజీపత్రం ఒకటి నిన్న కోర్టుకు చేరింది. దాని కింద, జపాన్‌లో సంతకానికి బదులు వేసే పేరు ముద్రలు, ఎడమవైపు ఆ ఫ్యాక్టరీ కంపెనీ అధ్యక్షుడి ముద్ర, కుడివైపు తొకునాగ ముద్ర ఉన్నాయి.

"ముద్ర నాదే. వేసింది మాత్రం నేను కాదు," అంది తొకునాగ. "అది ఉండే సొరుగు తాళంచెవులు నా జూనియర్ హచియా దగ్గర, జీతం తీసుకోకుండా వచ్చి ఫైళ్ళు సర్దిపెట్టే మురోయి గారి దగ్గర ఉంటాయి. ఆయన ఏదో కంపెనీలో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి."

కుజే పత్రం నకలును, ఆమె పాత కాగితాలను పక్కపక్కన పెట్టి చూశాడు. పాతవాటిలో ముద్రలన్నీ నిటారుగా ఉన్నాయి. అతని కళ్ళు మెరిశాయి. "పదండి," అన్నాడు. నావోకు ఏమీ అర్థం కాలేదు, అయినా సంచి అందుకుని వెంట నడిచింది.

తొకునాగ ఆఫీసులో హచియా, మురోయిలతో పాటు జాలరి ముసలమ్మ ఇసో కూర్చుని ఉంది. "మా ఆయన నీ మీద నమ్మకంతోనే కన్నుమూశాడు. మమ్మల్ని ఎంతకు అమ్మావు సెన్సే?" అంది. లాయర్లను గౌరవంగా పిలిచే ఆ మాట చేదుగా పలికింది.

కుజే ఒక చీటీలో 'అధికారి' అన్న గడిలో తన ముద్ర వేశాడు. "విచారణకు వచ్చినట్టు పక్కన మీ ముద్రలు వేయండి."

హచియా టపీమని వేసింది. "ఇక జైలుకేనా?" అని నవ్వింది. మురోయి మాత్రం ఒద్దికగా, ఊపిరి బిగబట్టి వేశాడు.

కుజే ఆ చీటీని రాజీపత్రం పక్కన పెట్టి అందరినీ దగ్గరకు పిలిచాడు.

"కంపెనీల్లో కొందరు చిన్న ఉద్యోగులు తమ ముద్రను పైవాడి ముద్ర వైపు కాస్త ఒరిగించి వేస్తారు, తల వంచినట్టు. హచియా ముద్ర నిటారుగా ఉంది, మురోయి గారిది మాత్రం నా ముద్రకు దండం పెడుతోంది చూడండి. ఈ పత్రంలో సెన్సే ముద్ర కూడా అధ్యక్షుడికి అలాగే వంగింది. ఇరవై రెండేళ్ళుగా ఆయనతో పోరాడుతున్న మనిషి అలా వేస్తారా? మురోయి గారూ, మీరు చేసింది ఏ కంపెనీలో?"

మురోయి చేతిలోని ముద్రను బల్ల మీద పెట్టేశాడు. "ఆ అధ్యక్షుడి దగ్గరే. ముప్పై ఏళ్ళు. పిలిచి అడిగితే కాదనలేకపోయాను. ఆయన ముద్ర పక్కన నిటారుగా వేయడానికి నా చెయ్యి రాలేదు."

ఇసో లేచి తొకునాగ చేతులు పట్టుకుంది. "కాగితాన్ని నమ్మి నిన్ను అనుమానించాను తల్లీ," అంటూ భోరుమంది.

"తర్వాత ఏడుద్దాం ఇసో గారూ, పన్నెండున్నర అయింది," అంటూ హచియా టాక్సీ కోసం పరుగెత్తింది. జడ్జి ముందు అంతా చెబుతానని మురోయి ఒప్పుకున్నాడు. నావోకు గంతులేయాలనిపించింది.

గుమ్మం దగ్గర తొకునాగ ఆగింది. "మురోయి గారూ, మీ తరఫున ఎవరైనా లాయర్ ఉన్నారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బాధితురాలిని కాబట్టి నేను వాదించకూడదు. ఫీజు అడగని లాయర్‌ను ఒకరిని చూస్తాను. రండి."