ఖాళీ కొక్కెం

గాలి ఏ ఆకారంలో ఉంటుందో మీలో ఎవరైనా చెప్పగలరా?

ఆకారం ఉండదన్నావు చిన్నోడా. సరే, నూటికి నూరు వేస్తాను. కానీ గాలికి ఏదైనా అడ్డం వస్తే అప్పుడు దానికీ ఒక ఆకారం వస్తుంది. ఏటిలో రాయి ఉంటే నీళ్ళు రెండుగా చీలి, రాయి దాటాక మళ్ళీ కలుస్తాయి చూడండి, అలాగ.

నేను పంతులమ్మని కాకముందు విశ్వవిద్యాలయంలో, విమానాల పరిశోధనశాలలో పనిచేశాను. ఈ సంగతి మీ తాతయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకు దాచానో చెప్పడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

అక్కడ మా పనంతా విండ్ టనెల్‌తో. మనిషి తల వంచకుండా నడవగలిగే పెద్ద గొట్టం అనుకోండి. ఒక చివర ఫ్యాను, మధ్యలో అద్దాల గది. ఆ గదిలో విమానం రెక్క నమూనా బిగించి, గాలి తోలి, తెల్లటి పొగని సన్నని దారాల్లా వదిలేవాళ్ళం. దారాలు ఎలా వంగితే గాలి అలా పోతోందన్నమాట.

గొట్టంలోకి వెళ్ళేవాళ్ళకి ఒకటే నియమం. ఒక్కొక్కరికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి వెళ్ళేముందు దాన్ని స్విచ్ పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ వేలాడుతున్నంతసేపు స్విచ్ ముట్టకూడదు. తగిలించిన చెయ్యే దాన్ని తియ్యాలి.

మా మెకానిక్‌ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. బిళ్ళ తగిలించడం ఎన్నడూ మరవడు. తియ్యడం మాత్రం మరిచిపోతాడు. ఆయన ఇంటికెళ్ళి భోంచేసి వచ్చినా అది అక్కడే ఊగుతుండేది.

"ఏం బాబాయ్, ఇంతకీ లోపలున్నావా, బయటున్నావా?" అనేదాన్ని.

"సగం సగం అమ్మడూ. మీ పిన్నినడుగు, ఇంట్లో అయితే అసలు లేనే లేనంటుంది," అనేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం. సాయంత్రానికల్లా ప్రొఫెసర్ గారికి ఫలితాలు ఇవ్వాలి. చూస్తే కొక్కేనికి బాబాయ్ బిళ్ళ. "బాబాయ్" అని పిలిచాను. ఒక్కసారే. పలకలేదు. మామూలే, మరిచిపోయి భోజనానికి వెళ్ళాడనుకున్నాను. నాలుగడుగులు వేసి తొంగిచూస్తే సరిపోయేది. బిళ్ళ తీసి జేబులో వేసుకుని స్విచ్ నొక్కాను.

ఆయన ఫ్యాను దగ్గర బోల్టులు బిగిస్తున్నాడు.

ఆ చప్పుడు గురించి మీకు చెప్పను.

విచారణకి వచ్చినవాళ్ళు కొక్కెం చూశారు. ఖాళీ. "తగిలించకుండానే వెళ్ళాడన్నమాట. బిళ్ళ ఎక్కడో పడేసుకుని ఉంటాడు," అని వాళ్ళలో వాళ్ళే తేల్చేసుకున్నారు. ఆ బిళ్ళ నా జేబులోంచి ఒంటికి తగులుతోంది. జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. 'సొంత అజాగ్రత్త' అని రాసుకుని వెళ్ళిపోయారు.

పిన్ని వరండాలో నన్ను ఆపింది. "బిళ్ళ తగిలించకుండా లోపలికి వెళ్ళే మనిషా మీ బాబాయ్? నువ్వు చెప్పమ్మా, నువ్వు చెబితే నమ్ముతాను."

"ఏమో పిన్నీ, నేను చూడలేదు," అన్నాను నేల చూస్తూ.

నెల తిరిగింది. పొగ కనబడాలంటే దీపాలు ఆర్పాలి. మేం నిలబడే గదికి కిటికీలు లేవు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల పొగ మీద పడే ఒక్క సన్నని వెలుగు తప్ప కాటుక చీకటి. నూనె కాలిన వాసన. ఫ్యాను ఒకే శ్రుతిలో గుయ్యిమంటోంది. అద్దాల గదిలో ఏమీ బిగించలేదు. ముందు ఖాళీగా నడిపి, దారాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోవడం మా పద్ధతి.

తిన్నగానే పోయాయి... కాసేపు.

మధ్యలో ఒకటి చీలింది. తర్వాత దాని పక్కది. దాని పైది. చీలి, కాస్త దూరం పోయి, మళ్ళీ కలుస్తున్నాయి. నడుమ నల్లటి ఖాళీ... రెండు భుజాలు... ఒక తల.

నా వెనక ప్రొఫెసర్ గారు గుసగుసగా అడిగారు. "లోపల ఏం మోడల్ పెట్టావమ్మా?"

"ఏమీ పెట్టలేదు సార్."

స్విచ్ ఆపేశాను. ఫ్యాను నెమ్మదించింది... ఆగింది. గాలి లేనప్పుడు పొగ పైకి లేవాలి. లేవలేదు. ఆ ఖాళీ చుట్టూ పారుతూనే ఉంది. ఖాళీ మావైపు తిరిగింది. అద్దం దగ్గరికి వచ్చింది. రెండు అరచేతులు కళ్ళ పక్కన అడ్డం పెట్టి... ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని తొంగిచూసింది.

"సార్... ఆ రోజు బిళ్ళ..."

"నాకేం కనబడలేదు," అన్నారాయన, మాట పూర్తి కానివ్వకుండా. "నీకూ కనబడలేదు. దీపాలు వెయ్యి."

వేశాను. నన్ను చెప్పనివ్వనందుకు ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను కూడా. భయం ఎప్పుడో పోయింది. ఈ సిగ్గు పోలేదు.

వారం తిరక్కుండా మానేశాను. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు, నిజం చెప్పాలర్రా అని పిల్లలకి పాఠాలు చెప్పాను. చూడండి మరి.

పోయిన వారం బాబాయ్ కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పిన్ని పోయి చాలా కాలమైంది. బిళ్ళ ఆమె చేతిలో పెట్టి ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. బొటనవేలితో నంబరు మీది మకిలి తుడుస్తూ కూర్చుంది.

"నాన్న పోయాక కూడా రోజూ మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడేవాడని అమ్మ చెప్పేదండీ. కూర్చోమన్నా కూర్చోడట. 'ఆ పిల్ల ఇంకా లోపలే ఉండిపోయింది, చూసొస్తాను' అని వెళ్ళిపోయేవాడట. ఏ పిల్లో మాకు తెలిసేది కాదు."

నాకు తల కొట్టేసినట్లయింది.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి ఇమ్మంది. ఆ 'అజాగ్రత్త' అన్న మాట కొట్టేయించాలట. సరేనన్నాను. వీధి గుమ్మం దాకా సాగనంపి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మ పోయాక నాకూ కనబడేవాడు. మూణ్ణెల్లుగా రావడం లేదండీ. మీ దగ్గరికి గానీ వస్తున్నాడా?"

లేదన్నాను. ఆ ఇంటివాళ్ళకి నేను చెప్పిన రెండో అబద్ధం అది.

సరే, మధ్యాహ్నం ఒకటిన్నర అవుతోంది. ఆ కాగితంలో మూడో పేజీ సగంలో ఆగిపోయి ఉంది. లోపలి గదిలోకి వెళ్ళి పూర్తి చేసుకుంటాను. మీరిక్కడే కూర్చోండి. నేను ఎవరితోనైనా మాట్లాడుతున్నట్టు వినబడినా సరే, ఆ గదిలోకి రాకండి.