మగ అధ్యాపకులు, ప్రాంతాల వారీగా

ఆమోసు స్నానం చేసి వచ్చేసరికి అత్తగారు ఆనందకుమారి కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీది కాగితం చదువుతోంది. యూనివర్సిటీల్లో మగ అధ్యాపకులు ఏ ప్రాంతంలో ఎందరున్నారో పోల్చి చూపే పట్టిక అది. వేసవి సెలవుల్లో ఆమోసు ఒక పరిశోధన సంస్థకు అలాంటివి చేసిపెడుతున్నాడు. కాలేజీలో అతనిది తాత్కాలిక ఉద్యోగం. సెలవులు రాగానే తీసేస్తారు. జూలైలో మళ్ళీ పిలుస్తారు, లేదా పిలవరు. ఆరేళ్ళుగా ఢిల్లీ కటవారియా సరాయ్‌లోని ఆ రెండు గదుల ఇల్లు ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తోంది.

"మగాళ్ళని లెక్కపెట్టే పని దొరికిందన్నమాట మీకు," డ్యూటీకి తయారవుతూ నవ్వింది భార్య పెర్సిస్. "ఆడవాళ్ళ లెక్క ఎవరికిచ్చారో?"

"పక్క సీటు బెంగాలీ ఆవిడకి. నన్ను నమ్మలేదు."

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పెర్సిస్ తమ్ముడు స్టీవ్ ఆమోసు కోసం నోయిడాలో ఒక ఆసుపత్రి మందుల స్టోర్‌లో ఉద్యోగం చూశాడు. చేరేదీ లేనిదీ ఈ ఉదయమే చెప్పాలి. ఒప్పుకుంటే ఇక పాఠం చెప్పడం ఉండదు.

"వద్దని చెప్పెయ్యండి బాబూ," అంది ఆనందకుమారి ఉత్సాహంగా. "ఇది చూడండి. దక్షిణాదిలో ఇంతమందా! ఢిల్లీలో ఇంతేనా! మా ఆసుపత్రిలో ఏ వార్డులో నర్సులు తక్కువైతే ఆ వార్డుకే ముందు పోస్టింగులు వేసేవాళ్ళు. జీవితమంతా అక్కడే చేశాను, నాకు తెలీదా? ఇక్కడ తప్పకుండా తీసుకుంటారు. ప్రభువు మన ప్రార్థన విన్నాడు."

కూతురు షాలోమ్ కాగితం మీదికి వంగి, ఇందులో నాన్న ఎక్కడున్నాడని హిందీలో అడిగింది. "పాపా, ఇస్ మే ఆప్ కహాఁ హో?"

"నేను లేను తల్లీ."

"క్యోం? ఆప్ తో టీచర్ హో!"

"టీచర్నే. కానీ ఇందులో పర్మనెంట్ వాళ్ళనే ఎక్కిస్తారు." అతని గొంతు హఠాత్తుగా పెరిగింది. "అత్తయ్యా, అక్కడ మనుషులు తక్కువ లేరు. నాలాంటి వాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. పాఠాలు జరిగిపోతున్నాయి. జరిగిపోతున్నప్పుడు పోస్టులు ఎందుకు వేస్తారు?"

నిన్న ఢిల్లీ అంకె వేస్తున్నప్పుడు తనను తాను లెక్కలోంచి వదిలేస్తున్నానన్న స్పృహ కూడా అతనికి కలగలేదు. అప్పుడు బాధ కలగకపోవడమే ఇప్పుడు అతన్ని భయపెట్టింది.

"అమ్మ మీద అరుస్తారెందుకు? ఏదో నమ్మకం పెట్టుకుంది," అంది పెర్సిస్.

"నువ్వు పెట్టుకోలేదా?"

ఆమె జడ అల్లుతూ ఆగిపోయింది. "నేను మానేసి చాలా రోజులైంది."

"మరి ప్రతి జూలైకీ నా చొక్కాలు ఇస్త్రీ చేయించి పెడతావు కదా?"

"మీరు నమ్ముతున్నారనుకున్నాను. అదీ లేకపోతే మీరేమైపోతారోనని..."

"నువ్వు నమ్ముతున్నావనే నేను ప్రతిసారీ దరఖాస్తు పెట్టాను పెర్సీ."

ఎవరి కోసం ఎవరు మోశారో తెలియని బరువు ఒక్కసారిగా దిగింది. దిగాక తేలిక అవుతుందనుకున్నాడు. కాలేదు. లోపల ఖాళీ మాత్రం మిగిలింది.

"అయితే ఈ ఇంట్లో నమ్మింది నేనొక్కదాన్నేనా?" అంది ఆనందకుమారి మెల్లగా.

ఆమోసు ఫోన్ తీసి స్టీవ్‌కి చేరతానని చెప్పాడు.

"జూలైలో కాలేజీ వాళ్ళు పిలిస్తే మధ్యలో వదిలేసి వెళ్ళిపోతావేమో బావా," అన్నాడు స్టీవ్. "స్టోర్ సార్‌కి మాటిచ్చేది నేను."

"పిలిచినా వెళ్ళను."

అతను ఫోన్ పెట్టేసేసరికి పెర్సిస్ యూనిఫాంలోనే నేల మీద కూర్చుని ఏడుస్తోంది. పెళ్ళయ్యాక ఆమె ఏడవడం అతను చూడలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాడు. షాలోమ్ వచ్చి ఇద్దరి మధ్యా ఇరుక్కుంది.

ఆనందకుమారి కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రోజంతా నిలబడే పనా బాబూ, కూర్చునే పనా?"

"కూర్చునే పనే అత్తయ్యా," అన్నాడు ఆమోసు.

ఆ సంగతి అతను స్టీవ్‌ని అడగనే లేదు.