గుడ్డ దాటినంక

నీలమ్మ ఆ మాట అనగానే తోవ మీద నడుస్తున్న పిల్లలంతా ఆగి గొల్లున నవ్వారు.

ఎందుకు నవ్వుతున్నారో నీలమ్మకు తెలియలేదు. అందుకని మళ్ళీ చెప్పింది. "గుడ్డ దాటినంక ఎడమ దిక్కు తిరగాలె. ఆడికెల్లి చెరువు దగ్గరనే."

"గుడ్డ దాటుడేంది? ఏం గుడ్డ? మీ అమ్మ చీరెనా, మీ నాయిన ధోతినా?" అన్నాడు జగన్‌మోహన్.

మళ్ళీ నవ్వులు.

"గుడ్డ అంటే... గుడ్డనే," అంది నీలమ్మ. కుడిచేత్తో గాలిలో ఒక వంపు గీసింది. పైకి ఎక్కి, కిందికి దిగే వంపు. ఆ చేతిని ఎవరూ చూడలేదు. రత్నమ్మ ఒక్కతే చూసింది.

చూసి, ఆమె కూడా నవ్వింది.

ఆ రోజు ఆదివారం. జహీరాబాద్‌లో అయిదో తరగతి చదివే పిల్లలు తెల్లవారక ముందే అడవిచెరువుకు బయల్దేరారు. మల్లికార్జున్ సార్‌ది వరంగల్. ఈ తోవలు ఆయనకు కొత్త. "నీలమ్మ చిన్నమ్మది ఆ చెరువు దగ్గరి ఊరే అంట. తోవ ఆమె చెప్తది. ముందర క్లాస్ లీడర్ రత్నమ్మ నడుస్తది. నేను గొర్లకాపరి లెక్క ఎనుక వస్త," అన్నాడు.

చెరువు నిండా కలువలున్నాయట. పొద్దెక్కితే ముడుచుకుంటాయట. ఆ ముక్క విన్నప్పటినుంచి ఈరయ్యకు నిద్ర లేదు. ఈరయ్య ఒక కాలు ఈడ్చి నడుస్తాడు. వాచకంలో ఉన్న కలువ బొమ్మను పలక మీద వంద సార్లు వేశాడు కానీ, నిజం పువ్వును ఒక్కసారీ చూడలేదు. అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనక నడుస్తున్నాడు.

కంది చేలు దాటారు. ఎర్రమట్టి తోవ మంచుకు తడిసి మెత్తగా ఉంది. మోదుగు చెట్ల మధ్య నుంచి ఎండ సన్నగా వస్తోంది. రత్నమ్మకు మాత్రం ఏదీ కనబడటం లేదు. నీలమ్మ చెయ్యి గీసిన వంపే కళ్ళలో తిరుగుతోంది.

ఎందుకంటే, గుడ్డ అంటే ఏమిటో రత్నమ్మకు తెలుసు.

రత్నమ్మ అజ్జి, అంటే అవ్వ, కన్నడం మాట్లాడే బీదరు దిక్కు నుంచి వచ్చింది. మబ్బు పట్టినప్పుడల్లా వాకిట్లో నిలబడి, "గుడ్డద మ్యాల మళి," అంటుంది. గుట్ట మీద వాన అని. రత్నమ్మ ఆ మాట వింటూనే పెరిగింది. కానీ రెండో తరగతిలో ఒకసారి బడిలో "మా అజ్జి" అంటే అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో అజ్జి, వాకిలి దాటితే అవ్వ. బడి దగ్గరికి రావద్దని కూడా చెప్పేసింది. అజ్జి ఎందుకని అడగలేదు. "ఆయ్తు," సరే అని ఊరుకుంది.

"దొరికింది! గుడ్డ దొరికింది!" అని అరిచాడు జగన్‌మోహన్.

రేగుచెట్టు కొమ్మకు ఎర్రటి పేలిక ఒకటి చిక్కుకుని ఊగుతోంది. దాని పక్కనుంచి ఎడమకు సన్నని బాట ఉంది.

"ఇది గాదు," అంది నీలమ్మ మెల్లగా.

"నువ్వే గదా గుడ్డ అంటివి?"

అందరూ రత్నమ్మ వైపు చూశారు. చెట్ల మీదుగా, కొంచెం దూరంలో గుట్ట కనబడుతోంది, బోర్లించిన గంపలాగా. ఒక్క మాట అంటే చాలు. కానీ వెంటనే అడుగుతారు, నీకెట్ల ఎర్క అని.

రత్నమ్మ ఎడమకు తిరిగింది.

బాట పోను పోను సన్నబడింది. సీతాఫలం పొదలు వచ్చాయి, తర్వాత ముళ్ళు వచ్చాయి, తర్వాత ఒక పెద్ద గండి వచ్చింది. అక్కడితో బాట అయిపోయింది. వెనక ఈరయ్య "అమ్మా" అని కూలబడ్డాడు. సార్ వాడి పాదం ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు తీశాడు.

ఈరయ్య ఏడవలేదు. ఆకాశం వైపు చూసి, "సార్, పూలు ముడుచుకున్నయా?" అని అడిగాడు.

సార్ సూర్యుణ్ణి చూశాడు.

"అంత నీలమ్మ వల్లనే," అన్నాడు జగన్‌మోహన్.

నీలమ్మ కాలి బొటనవేలితో మట్టిని గీరింది. "నాకు తోవ తెల్వదు సార్," అంది. "నేను మర్చిపోయిన."

నీలమ్మ మర్చిపోలేదు. అది అబద్ధమని రత్నమ్మకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అట్లాంటి అబద్ధమే తనూ రోజూ వాకిలి దాటగానే ఆడుతోంది.

"సార్, ఆమె మర్చిపోలే," అంది రత్నమ్మ. "గుడ్డ అంటే బట్ట గాదు, గుట్ట. అగో, గది. నాకు ముందే ఎర్క. నేనే చెప్పలే."

"నీకెట్ల ఎర్క?" అన్నాడు జగన్‌మోహన్.

"మా అజ్జి అంటది."

"అజ్జా?" ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పొదల్లోకి పోయి ఆగిపోయింది. ఇంకేమీ కాలేదు. ఇన్నేళ్ళు భయపడింది ఇంత చిన్న నవ్వుకా అనుకుంది రత్నమ్మ.

"ఎనుకకు మళ్ళున్రి, జల్ది," అన్నాడు సార్.

రత్నమ్మ నీలమ్మ దగ్గరికి వచ్చింది. "నువ్వు ముందర నడువు," అంది. తను వెనక్కి పోయి ఈరయ్యకు భుజం ఆసరా ఇచ్చింది.

గుట్ట దాటి ఎడమకు తిరగ్గానే చెరువు. కానీ పొద్దెక్కింది. కలువలన్నీ పిడికిళ్ళు బిగించినట్టు ముడుచుకున్నాయి. ఈరయ్య గట్టు మీద కూర్చుండిపోయాడు. రత్నమ్మ వాడి మొహం చూడలేకపోయింది.

"ఈరయ్యా, ఇటు రా!" నీలమ్మ పిలిచింది. చెరువు మూలన మద్దిచెట్టు నీళ్ళ మీదికి వంగి ఉంది. దాని చిక్కటి నీడలో మూడు పువ్వులు ఇంకా విచ్చుకునే ఉన్నాయి.

ఈరయ్య వంగి చాలాసేపు చూశాడు. "నేను రెక్కలు తక్కువ ఏస్తున్న," అన్నాడు.

రత్నమ్మ నీలమ్మ పక్కన కూర్చుంది. "మీరు దీన్నేమంటరు?"

వెక్కిరిస్తుందేమోనని నీలమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. తర్వాత చెప్పింది. "నైదిలె."

"నైదిలె," అంది రత్నమ్మ.

"నయీ దిల్లీ!" అన్నాడు జగన్‌మోహన్.

అందరికంటే ముందు నీలమ్మే నవ్వింది.

సాయంత్రం అందరూ ఊళ్ళోకి వచ్చేసరికి అజ్జి వీధి మలుపులో నిలబడి ఉంది. పిల్లల గుంపును చూసి, గోడ పక్కకు జరిగింది.

"అజ్జీ!" అని గట్టిగా పిలిచింది రత్నమ్మ.

అజ్జి ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది, ఇంకెవరినో పిలిచారన్నట్టు.

"నిన్నే, అజ్జీ! గుడ్డ దాటి పోయొచ్చినం!" అంటూ రత్నమ్మ నీలమ్మ చెయ్యి పట్టుకుని పరుగెత్తింది.