లక్కీ డ్రాలో అడవి

"పరిగెత్తు, వల్లీ!"

శ్వేత కూతురి చెయ్యి పట్టుకుని లాగుతోంది.

వెనక అడుగులు. అవే అడుగులు... బుధవారీ బజార్ నుంచీ వస్తున్నాయి!

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. సరిగ్గా ఇప్పుడే కరెంటు పోయింది. పక్కనే సీపత్‌లో అంత పెద్ద పవర్ ప్లాంటు పెట్టుకుని కూడా ఈ రైల్వే కాలనీకి కరెంటు కష్టాలు తప్పవు. వీధి కనపడటం లేదు. తెలిసిన దారి కాబట్టి కాళ్ళు వాటంతటవే వెళ్తున్నాయి.

శ్వేత ఆగుతుంది.

అడుగులూ ఆగుతాయి.

కదులుతుంది.

అవీ కదులుతాయి!

గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. మలుపులో ఆటో లైటు పడి ఒక్క క్షణం ఆ మనిషి కనిపిస్తాడు. మీగడ రంగు చొక్కా. భుజాన చిన్న సంచి.



వీడే! కోల్‌కతా ఎయిర్‌పోర్టులో అత్తయ్య వీల్‌చైర్ పక్కనే నిలబడి ఫోన్ నొక్కుకుంటున్నవాడు. హౌరాలో తమ బోగీలోనే ఎక్కినవాడు. ఇప్పుడు బిలాస్‌పూర్‌లో... తన వెనకే!

"మమ్మీ, దూద్ ప్యాకెట్ పడిపోయింది."

"పోనీ!"

"నానమ్మ జరూర్ తెమ్మంది కదా. తిడుతుంది."

"పోనీ అన్నానా!"

శ్రీవల్లికి ఎనిమిదేళ్ళు. తల్లి గొంతులో భయం దానికి అర్థమవుతుంది. తల్లి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

పొద్దున్నే రైలు దిగారు. థాయ్‌లాండ్ టూరు నుంచి తిరిగొస్తూ. నలుగురూ... తను, భర్త దిలీప్, పాప, అత్తయ్య చిన్నమ్మి. అడవి మధ్య చెరువులో తేలే వెదురు ఇళ్ళు, ఏనుగులకి స్నానాలు, తెల్లారకుండానే చెట్ల మీద కోతుల కచేరీ. టార్చి పట్టుకుని రాత్రి సఫారీ. పడవలో పాప అరిచిన అరుపులకి గైడు కూడా నవ్వాడు. అంత సంతోషం శ్వేత తన జన్మలో ఎరగదు.

ఒక్క ముల్లు తప్ప.

ఇదంతా ఫ్రీ!

దిలీప్ అసిస్టెంట్ లోకో పైలట్. పెళ్ళయ్యాక వాళ్ళు చేసిన ప్రయాణాలన్నీ పాసు మీద విజయనగరం వెళ్ళిరావడాలే. అలాంటిది, టూర్స్ అండ్ ట్రావెల్స్ గిరిబాబు ఓ రోజు స్వీట్ బాక్సుతో వచ్చి, లక్కీ డ్రాలో మీ పేరొచ్చింది అన్నాడు. ఏ డ్రా? చీటీ ఎవరు వేశారు? ఆమె అడిగితే దిలీప్ నవ్వాడు.

"అదృష్టం తలుపు తడితే ఆధార్ కార్డు చూపించమంటావా ఏంటి?"

అప్పట్నుంచీ ఆమెకి భర్త మీదే అనుమానం. వెదురింట్లో అందరూ పడుకున్నాక సంచులన్నీ విప్పి చూసేది. ఏమీ దొరకలేదు. నిన్న రైల్లో చూస్తే, తలుపు దగ్గర దిలీప్ ఈ మీగడ చొక్కావాడితో గుసగుసలాడుతున్నాడు!

ఎవరతను అని అడిగితే, "ఎవరో. టైం అడిగాడు," అన్నాడు.

చేతిలో ఫోన్ పెట్టుకుని టైం అడుగుతారా ఎవరైనా?

క్వార్టర్ వచ్చేసింది. శ్వేత గేటు తోస్తుంది. తలుపు మీద చెయ్యి వేస్తుంది.

తలుపు తెరిచే ఉంది!

ఫోన్ టార్చి వేస్తుంది.

సూట్‌కేసులు బోర్లా పడి ఉన్నాయి. లైనింగులు బ్లేడుతో కోసేశారు. పరుపు చీల్చారు. పాప కొన్న ఏనుగు బొమ్మ పొట్ట కూడా చీల్చారు. బియ్యం డబ్బా వంటగదంతా ఒలికింది.

"అత్తయ్యా!"

లోపలి గదిలోకి పరిగెడుతుంది.

"అత్తయ్యా!!"

"ఇక్కడే ఉన్నానే. ఏల అరుస్తావు?"

దేవుడి మూల, గోడకి ఆనుకుని, మోకాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది చిన్నమ్మి. పక్కన దీపం వెలుగుతోంది.

"ఎవరొచ్చారు? మీకేం కాలేదు కదా?"

"ఎవులో ఇద్దరు కుర్రోళ్ళు. ఏటి కావాలర్రా అంటే పలకనేదు. అంతా కెలికీసి ఎల్లిపోనారు. దేవుడి మూలకి మాత్రం రానేదు. సెప్పులు కూడా గుమ్మం బయటే ఇప్పుకున్నారు పాపం."

పాపం అట! శ్వేతకి ఒళ్ళు మండిపోతుంది. తలుపు గడియ వేస్తుంది. బోల్టు కూడా వేస్తుంది.

ఫోన్ మోగుతుంది!

గిరిబాబు.

"శ్వేతా చెల్లెమ్మా, క్షేమంగా చేరారా? అడవి బాగుందా?"

గొంతులో తేనె కారుతోంది.

"మా ఇంటికి మనుషుల్ని పంపింది నువ్వేనా?"

"నా సామాను నాకిచ్చేస్తే నేనెందుకు పంపుతాను చెప్పు? కస్టమ్స్ వాళ్ళు పట్టుకుపోయారని కథలు చెబితే ఎలా? అది ప్రాణమున్న సరుకమ్మా. చస్తే నన్నడిగేవాళ్ళు మంచివాళ్ళు కాదు."

"ఏ సామాను? నాకేం తెలీదు!"

"అచ్ఛా. అయితే ఇంట్లో తెలిసినవాళ్ళని అడుగు. గంటలో మనిషి వస్తాడు, అతనికిచ్చెయ్." ఒక్క క్షణం ఆగుతాడు. "పాపకి రేపట్నుంచీ స్కూలే కదూ? పసుప్పచ్చ వ్యాను. డ్రైవర్ నాకు బాగా తెలిసినవాడే."

కట్!

శ్వేత కూతుర్ని దగ్గరికి లాక్కుంటుంది. దీని జోలికొస్తే మాత్రం... ఎవర్నైనా సరే... నరికేస్తుంది!

ఇంట్లో తెలిసినవాళ్ళు... దిలీప్! ఇంకెవరు?

దిలీప్‌కి ఫోన్ చేస్తుంది. స్విచాఫ్. మధ్యాహ్నం డ్యూటీ పడిందని పెట్టె పట్టుకుని వెళ్ళాడు. ఇంజన్ ఎక్కితే ఫోన్ ఆపేయాలి, అది రూలు. ఇన్నేళ్ళూ ఆ స్విచాఫ్‌ని ఆమె ఎప్పుడూ తప్పు పట్టలేదు.

ఇవాళ మాత్రం చంద్రమౌళికి ఫోన్ చేస్తుంది. దిలీప్‌తో కలిసి పనిచేసేవాడు.

"డ్యూటీయా? వాడికా?" చంద్రమౌళి ఆశ్చర్యపోతాడు. "ఎల్లుండి దాకా లీవు కదా వదినా!"



అబద్ధం! మధ్యాహ్నం కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు! ఆ పెట్టెలో ఏం పట్టుకెళ్ళాడు? గిరిబాబుకి కూడా ఇవ్వకుండా ఎక్కడికి పారిపోయాడు? పెళ్ళాన్నీ, పిల్లనీ ఈ తోడేళ్ళ ముందు పడేసి...

దుఃఖం తన్నుకొస్తుంది. ఆపుకుంటుంది.

"మమ్మీ..."

"ఆగు వల్లీ."

"మమ్మీ, దేఖో నా! నానమ్మ ముడుపు ఊపిరి తీస్తోంది!"

శ్వేత తల తిప్పుతుంది.

దేవుడి అల్మరా కొక్కేనికి ముడుపు వేలాడుతోంది. పసుపు గుడ్డ మూట. విమానం క్షేమంగా దిగితే పైడితల్లికి చెల్లిస్తానని బయల్దేరే ముందు అత్తయ్య రూపాయి బిళ్ళలు వేసి కట్టిన ముడుపు. దారంతా ఒళ్ళో పెట్టుకుంది. నేలమీద పెట్టలేదు, ఎవర్నీ తాకనివ్వలేదు. ముడుపు అమ్మవారి దగ్గర తప్ప ఇంకెక్కడా విప్పకూడదు. పరుపులు చీల్చినవాళ్ళు కూడా దాని జోలికి పోలేదు. వెదురింట్లో అన్ని సంచులూ విప్పిన శ్వేతకీ దాన్ని ముట్టుకోవాలనిపించలేదు.

మూట పొంగుతోంది...

తగ్గుతోంది...

పొంగుతోంది!

"ముట్టుకోకే!" చిన్నమ్మి లేవబోయి, మోకాళ్ళు సహకరించక కూలబడుతుంది.

శ్వేత ముడి విప్పేస్తుంది.

లోపల వలసంచి. సంచిలో అరచేతిలో పట్టేంత ప్రాణి. బూడిదరంగు బొచ్చు. గుండ్రటి ముఖం. ముఖం నిండా కళ్ళే!

దేవాంగపిల్లి పిల్ల. రాత్రి సఫారీలో గైడు టార్చి వేసి చూపించిన జాతి. ఎండిన నోరు తెరిచి మూస్తోంది.

"అరే! జంగిల్‌లో చూశాం కదా!" పాప ఎగిరి గంతేస్తుంది. "నాకొకటి కావాలన్నాను కదా మమ్మీ!"

శ్వేత అత్తగారి వైపు తిరుగుతుంది.  ఇన్నాళ్ళూ ఎవర్ని అనుమానించింది తను!

"మీరా...?"

చిన్నమ్మి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

"గిరిబాబు నాకే సెప్పాడు. కుర్సీ బండి మీదెల్లే ముసలమ్మని ఎవులూ తడిమి సూడరన్నాడు. సామాన్ల తనికీ అయిపోనాక, ఆ దేశం ఇమానాల కాడ బాత్రూం పక్కన ఒకడు సిన్న సంచి ఒళ్ళో ఎట్టాడు. నాకు బయమేసి ముడుపులో కట్టీసినాను. కలకత్తాలో ఆఫీసరమ్మ ఏటిదంది. మన్నత్... మొక్కు మూట బేటీ అన్నాను. కళ్ళకద్దుకుని ఎల్లమంది."

"ఎందుకు చేశారత్తయ్యా? ఎందుకు!"

"నా బతుకంతా ఈ రైళ్ళ సప్పుడు ఇంటూనే గడిసిపోనాది. ఎక్కడికెల్లినానే నాను? పాసు మీద ఇజీనారం, మల్లీ ఇక్కడికి. మీ అందరితో ఒక్కపాలి ఇమానం ఎక్కాలనిపించింది. తప్పేటి?"

శ్వేతకి కోపమూ, జాలీ ఒకేసారి వస్తాయి.

"మరి గిరిబాబుకి ఇచ్చేయచ్చుగా?"

"ఇచ్చీద్దారనే అనుకున్నాను. రైల్లో ముడి ఇప్పి సూసినాను. పసిగుడ్డునాగుంది. అలగ సూస్తంటే ఎలా ఇచ్చీమంటావు? కస్టమ్సోళ్ళు అట్టుకుపోనారని ఆడికి సెప్పీసినాను. పాలన్నా పడదారని తెమ్మన్నాను..."

ఎంత అమాయకత్వం! ఎంత మొండితనం! దీని కోసం పాప ప్రాణం మీదకి తెచ్చింది!

శ్వేత నిర్ణయించుకుంటుంది. గిరిబాబుకి ఇవ్వదు. ఇస్తే ఇవాళ్టితో వదలడు. పోలీసులకి ఫోన్ చేస్తుంది. అదొక్కటే దారి.

"పోలీసోళ్ళా? వొద్దే!" చిన్నమ్మి రెండు చేతులూ జోడిస్తుంది. "ఈ వయసులో నన్ను జైల్లో ఎట్టీస్తారు. అక్కడే సచ్చిపోతాను!"

"మీ పేరు రానివ్వను. బయట దొరికిందని చెబుతాను. ఒట్టు అత్తయ్యా, నన్ను నమ్మండి."

టక్... టక్... టక్!

తలుపు!

శ్వేత దీపం ఆర్పేస్తుంది. కిటికీ దగ్గరికి పాక్కుంటూ వెళ్తుంది. రెక్క సందులోంచి చూస్తుంది.

టార్చి వెలుగులో మీగడ రంగు చొక్కా!

గిరిబాబు పంపిన మనిషి... గంట కాకుండానే వచ్చేశాడు!

వెనక చీకట్లో చిన్నమ్మి పాపని ఒళ్ళోకి లాక్కుంది. తల నిమురుతూ చెవిలో ఏదో చెబుతోంది. పాప భయపడకుండా ఊరడిస్తోంది కాబోలు. పోనీలే, ఆ మాత్రం సాయం చాలు.

శ్వేత ఒక చేత్తో మూటనీ, రెండో చేత్తో కూరగాయల కత్తినీ పట్టుకుంటుంది.

"శ్వేతా! తలుపు తియ్యి! నేనే!"

దిలీప్ గొంతు!

ఆమె బోల్టు తీస్తుంది. కళ్ళు మిరుమిట్లు గొలిపే టార్చి వెలుగు. దిలీప్. మీగడ చొక్కావాడు. వెనక ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు...

"కత్తి కింద పెట్టండి." మీగడ చొక్కావాడు హిందీలో అంటూ కార్డు చూపిస్తాడు. "రాజేంద్ర. అటవీ జంతువుల స్మగ్లింగ్ చూసే స్క్వాడ్. కోల్‌కతా నుంచీ మీ వెనకే ఉన్నాం. సరుకు అందుకునేవాణ్ణి పట్టుకోవాలని ఆగాం. చకర్‌భాటా ఎయిర్‌పోర్టు రోడ్డు మీద గిరిబాబు ఇప్పుడే మావాళ్ళకి దొరికాడు."

దొరికాడా! శ్వేత చేతిలోంచి కత్తి జారిపోతుంది.  పాపకి ఇంక భయం లేదు. ఎవరూ దాన్ని ముట్టుకోలేరు.

రాజేంద్ర టార్చి ఆమె చేతిలోని మూట మీదికి దిగుతుంది. పసుపు గుడ్డలోంచి రెండు కళ్ళు మెరుస్తాయి.

దిలీప్ ముఖం పాలిపోతుంది.

"నేను చెప్పాను కదా సార్," అంటాడు మెల్లగా. "మా ఆవిడే."

"ఏమిటి!"

"రైల్లో సార్ నన్నడిగారు, మీలో ఎవరు తెచ్చారని. నాకు చెప్పాలనిపించలేదు శ్వేతా. కానీ అక్కడ అందరూ పడుకున్నాక నువ్వు సంచులు విప్పి సర్దడం నేను చూశాను. దొంగ నిద్ర నటిస్తూ... రోజూ చూశాను. ఇవాళ డ్యూటీ అని చెప్పి సార్ దగ్గరికే వెళ్ళాను."

"మీ మీద అనుమానంతో వెతికాను!"

"నా మీదా?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటారు. ఇన్ని రోజులూ ఒకే వెదురింట్లో, ఒకే దోమతెరలో...

ఇక దాచి లాభం లేదు. ఇచ్చిన మాట కన్నా కూతురు ముఖ్యం.

"ఇది అత్తయ్య ముడుపు," అంటుంది శ్వేత. "ఆవిణ్ణే అడగండి. నాకు ఇప్పుడే అంతా చెప్పారు."

టార్చి దేవుడి మూలకి తిరుగుతుంది.

చిన్నమ్మి పాపని గట్టిగా పట్టుకుని కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"ముడుపు నాదేరా దిలీపూ. అమ్మోరికి కట్టినాను. ఉన్న మాటే."  "లోన ఎవులు ఏటి ఎట్టీసినారో... నానేటి ఎరుగుదును బాబూ?"

"అత్తయ్యా!"

"అమ్మ ముడుపులో దాచావా?" దిలీప్ పళ్ళు నూరుతాడు. "నేనైనా ముట్టుకోను, అలాంటిది... అమ్మ ముడుపులోనా శ్వేతా!"

"అబద్ధం! వల్లి విన్నది అంతా! వల్లీ, చెప్పమ్మా!"

కానిస్టేబుల్ శ్వేత మోచెయ్యి పట్టుకుంటుంది. "బోద్రీ హైకోర్టులో తెలిసిన వకీలు ఎవరైనా ఉంటే ఇప్పుడే ఫోన్ చేసుకోండి," అంటుంది ముక్తసరిగా.

రాజేంద్ర పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. అతని గొంతు చాలా మెత్తగా ఉంది.

"బేటా, భయపడకు. నిజం చెబితే మంచిది. ఈ బుజ్జిది ఎవరిది?"

శ్రీవల్లి తల్లి వైపు చూస్తుంది. తండ్రి వైపు చూస్తుంది. తర్వాత తల ఎత్తి నానమ్మని చూస్తుంది.

నానమ్మ దాని జుట్టు నిమురుతోంది.

"మమ్మీదే అంకుల్," అంటుంది పాప సంబరంగా. "నా కోసం తెచ్చింది. ఇలా చెబితే మీరు నాకిచ్చేస్తారంట కదా!"