మాస్టారి మాట

పోటు తగ్గితే గాని బందరులో ఆదివారం మొదలవదు. ఊరు నీళ్ల మీదికి ఎక్కి ఒక తరం దాటింది. పాత వీధులు అడుగున ఉన్నాయి. వాటి మీద స్తంభాలు లేపి రోడ్డు వేశారు. రోడ్డుకి అటూ ఇటూ ఇళ్లు. కూరగాయలు గోడలకి కాస్తాయి. సముద్రంలోంచి ఉప్పు తీసేసిన నీళ్లు కుళాయిల్లో వస్తాయి. పోటు తగ్గాక చిన్న పడవలు కదులుతాయి. చదరంగం ఆడేవాళ్లు అప్పుడు వాటిలో లాంచీ క్లబ్బుకి వస్తారు.

క్లబ్బు అంటే ఒక ముసలి లాంచీ. ఇంజను ఎప్పుడో తీసేశారు. రోడ్డు స్తంభానికి గొలుసుతో కట్టి ఉంటుంది. బల్లల్లో అయస్కాంతం, పావుల అడుగున ఇనప బిళ్లలు పెట్టుకున్నారు. అవి లేకపోతే పెద్ద పడవ పక్కనుంచి పోయినప్పుడల్లా రాజులూ మంత్రులూ నీళ్లపాలే. ఆటతో పొట్ట పోసుకునేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఉప్పుతీత కర్మాగారంలో పనివాళ్లు, పడవ సరంగులు, బడి పంతుళ్లు. ఆట లేకపోతే వారం గడవనివాళ్లు.

యంత్రం మనిషికంటే బాగా ఆడటం అప్పటికి పాత సంగతి. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఏ ఎత్తు మంచిదో యంత్రం చెబుతుంది. మనిషి చెడ్డ ఎత్తు ఎందుకు వేశాడో చెప్పదు.

క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ఆట అయ్యాక పావులు మళ్లీ సర్దుకుని మొదటినుంచీ వేసి చూసుకుంటారు. ఆట విప్పడం అంటారు దాన్ని. విప్పేటప్పుడు ఓడినవాళ్లే ముందు మాట్లాడాలి. వాళ్లు చెప్పడం అయ్యేదాకా గెలిచినవాళ్లు నోరు తెరవకూడదు. తెరిస్తే ఆ పూట టీ గ్లాసులన్నీ వాళ్లే కడగాలి. ఆచారం మంచిదే. కాని ఓడినవాళ్లు నిజం చెప్పరు. కావాలని కాదు, వాళ్లకి తెలియదు. ఒకడు తలనొప్పి అంటాడు. ఒకడు ఎండ కళ్లలో పడిందంటాడు.

డాక్టర్ రాహేలుకి ఈ సంగతే మనసులో పట్టుకుంది. ఆమె మెదడు శాస్త్రం చదువుకున్న మనిషి. మాట పడిపోయిన రోగుల కోసం, వాళ్ల తలపుని మాటగా పలికే యంత్రం చేసింది. చదరంగం ఆమెకి అంతగా రాదు. ఓడినప్పుడల్లా ఎందుకు ఓడిందో తెలిసేదాకా నిద్రపట్టదు. అందుకని రోగుల యంత్రాన్ని చిన్నది చేసి, నుదుటికి కట్టుకునే పట్టీలో ఇమిడ్చింది. న్యూరల్ ట్రేస్ రికార్డర్ అని దాని అసలు పేరు. క్లబ్బులో తలపు పట్టీ అన్నారు.

ఆమె అందరికీ విడమరిచి చెప్పింది. బల్ల చూస్తున్నప్పుడు తలపు మొదట మనసు అడుగున పుడుతుంది. అప్పటికి ఆ మనిషికే తెలియదు. కాసేపటికి పైకి వస్తుంది. అప్పుడు నాకు తట్టింది అనుకుంటాడు. కొన్ని తలపులు పైకి రావు. అడుగునే ఉండి చేతిని కదుపుతాయి, నోటిని కదుపుతాయి. పట్టీ ఈ రెండింటినీ గీతలుగా పట్టుకుంటుంది. సబ్‌కాన్షస్ ట్రేస్‌ని అడుగు గీత అన్నారు, కాన్షస్ ట్రేస్‌ని పై గీత. ఆ గీతల్ని చదివి మాటల్లో వినిపించే పెట్టె వేరే ఉంది. పట్టీ పాత జ్ఞాపకాలు తవ్వదు. కట్టుకున్నంతసేపూ పుట్టిన తలపే దానికి అందుతుంది. ఆ మాట విన్నాక ఇళ్లలో గుట్టున్నవాళ్లు కూడా కట్టుకోడానికి ఒప్పుకున్నారు.

ఏడాది తిరిగేసరికి క్లబ్బు ఆట మారిపోయింది. ఒక సరంగు బల్లలో ఎడమ పక్క అసలు చూడటం లేదని తేలింది. ఒక పంతులు మంత్రి పోతుందన్న భయంతో ఆటలన్నీ పోగొట్టుకుంటున్నాడు. తెలిశాక ఇద్దరూ బాగుపడ్డారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పట్టీ చూడటానికి పడవలు కట్టించుకుని వచ్చారు.

బాగుపడనిది ప్రసూన ఒక్కతే. క్లబ్బులో అందరికంటే బాగా ఆడేది ఆమె. ఉప్పుతీత కర్మాగారంలో పని. తొమ్మిదేళ్ల వయసులో నాంచారయ్య మాస్టారి దగ్గరికి వచ్చింది. ఎత్తు వెయ్యడం మొదలు ఓడినప్పుడు చెయ్యి కలపడం దాకా అన్నీ ఆయనే నేర్పాడు. అమెచ్యూర్ మాస్టర్ బిరుదు బందరులో ఇంతవరకూ ఎవరికీ రాలేదు. నాంచారయ్య వయసులో ఉన్నప్పుడు ఒక్క ఆట తేడాతో పోగొట్టుకున్నాడు. ముప్పై నిండితే ఆ పోటీకి రానివ్వరు. ప్రసూనకి మిగిలింది వానాకాలం వెళ్లాక బెజవాడలో జరిగే పోటీ ఒక్కటే.

ఆమె జబ్బు అందరికీ తెలుసు. గెలిచే చోటికి వస్తుంది, వచ్చి వెనక్కి తగ్గుతుంది. పైకెత్తిన ఏనుగుని మళ్లీ మూలకి లాక్కుంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది.

రాహేలు ఆమెకి పట్టీ కట్టి ఆడించింది. ఆట అయ్యాక జనం మధ్యనే పెట్టె మీట నొక్కింది. గెలిచే ఎత్తు ప్రసూన అడుగు గీతలో ఠక్కున పుట్టింది. పైకి వస్తోంది. ఆ దారిలో ఒక మాట అడ్డం వచ్చింది. తొందరపడకు. ఆ మాట పెట్టె గొంతుతో రాలేదు. ప్రసూన తలలో ఏ గొంతు ఉందో ఆ గొంతుతోనే వచ్చింది. కొంచెం బొంగురు, చివర చిన్న దగ్గు. క్లబ్బంతా నవ్వింది. అది నాంచారయ్య గొంతు.

నాంచారయ్య కూడా నవ్వాడు. ఆయనకి ఆ రోజు గర్వంగానే ఉంది. మాస్టారు ఆడపిల్ల తలలో కాపరం పెట్టాడని ఎవరో అంటే, అద్దె ఇవ్వటం లేదు పాపం అని తనే అన్నాడు.

రాహేలు నవ్వలేదు. ఆ మాటని అణచడం కుదురుతుందంది. పట్టీ కట్టుకుని కొన్నాళ్లు కూర్చుంటే, మాట పుట్టే చోట చిన్న తరంగం పంపి మాన్పించవచ్చు. ఆ తర్వాత పట్టీ అక్కర్లేదు, మాట రాదు. అయితే అది ఎలా పాతుకుందో ముందు తెలియాలి. అందుకని ప్రసూనకి నేర్పేటప్పుడు నాంచారయ్య కూడా పట్టీ కట్టుకోవాలి. ఆయన అప్పుడే నుదురు ముందుకి చాపాడు.

ఆయన పట్టీ కట్టుకుని నేర్పిన కొన్నాళ్లకి, వాన కురుస్తున్న ఒక పగలు, పాఠం అయ్యాక ముగ్గురూ లాంచీలో కూర్చున్నారు. ఇంకెవరూ రాలేదు. రాహేలు పెట్టె ముందుపెట్టుకుని మీట నొక్కకుండా ఉంది.

"మాస్టారూ, ఇది ముందు మీరొక్కరే వింటే బాగుంటుందేమో" అంది.

"నా తలలో దొంగసరుకేం లేదమ్మా. పెట్టు" అన్నాడు నాంచారయ్య.

పెట్టె చదివింది. దాని గొంతుకి హెచ్చుతగ్గులు తెలియవు. "ఆట నడిమి భాగం. శిష్యురాలి అడుగు గీతలో ఎత్తు పుట్టింది. ఏనుగు బలి, తర్వాత ఆటకట్టు. గురువు అడుగు గీతలో అదే ఎత్తు పుట్టింది. గురువు అడుగు తలపు, కనిపెట్టేసింది. గురువు అడుగు తలపు, ఇది నన్ను దాటిపోతుంది. గురువు పై గీత ఖాళీ. గురువు పలికిన మాట, తొందరపడకు."

"తప్పు చదివింది" అన్నాడు నాంచారయ్య. "ఇంకో ఆట పెట్టు."

ఇంకో ఆట పెట్టింది. అదే. మరొకటి పెట్టింది. ప్రసూన నిజంగా తొందరపడి చెడ్డ ఎత్తు వేసిన చోట ఆయన ఏమీ అనలేదు. తీరిగ్గా టీ తాగుతున్నాడు. ఆమె గెలిచే ఎత్తు చూసిన ప్రతి చోటా అన్నాడు. అన్న ప్రతిసారీ పై గీత ఖాళీ. తను పిల్లకి ఓపిక నేర్పుతున్నానని ఆయన నమ్మాడు.

రాహేలు పెట్టె ఆపింది. ఓడినవాళ్లు ముందు మాట్లాడాలి. అది ముగ్గురికీ గుర్తుంది. నాంచారయ్య పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"నేనెరగనమ్మా" అన్నాడు.

"తెలుసు మాస్టారూ. పై గీతలో లేదుగా" అంది ప్రసూన.

తర్వాత ఆమె రాహేలు వైపు తిరిగి, ఇది ఎప్పట్నించి ఉందని అడిగింది. పట్టీ పాతవి తవ్వదని రాహేలు చెప్పింది. ఎప్పట్నించో ఎవరికీ తెలిసే దారి లేదు. తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడా, నిన్నా మొన్నా. నాంచారయ్య దాన్ని తనలో వెతుక్కుంటూ కూర్చున్నాడు. దొరకలేదు.

ప్రసూన ఆ మాట తీయించుకుంది. వారాల తరబడి పట్టీ కట్టుకుని కూర్చుంది. మాట పలచబడి, పలచబడి, పోయింది. ఆ తర్వాత ఆమె ఆట చూసినవాళ్లకి భయం వేసింది. ఏనుగు ఎత్తితే వెనక్కి లాక్కునేది కాదు. బెజవాడలో మొదటి రోజుల్లో ఆమె ముందు ఎవరూ నిలవలేదు. లాంచీలో తెర చుట్టూ మూగి చూశారు. నాంచారయ్య వెనక నిలబడి చూశాడు.

ఆఖరి ఆట ఆమె ఓడిపోయింది. బిరుదు వేరే ఊరికి పోయింది.

తిరిగొచ్చాక క్లబ్బులో బల్ల మీద ఆ ఆట విప్పింది. ఓడింది కాబట్టి ముందు తనే మాట్లాడింది. అంతా గెలిచే ఆటే. ఒకచోట పావు ముందుకి తోసింది. తోసి ఉండకూడదు.

"ఒక్క ఎత్తు ఆగాలి మాస్టారూ" అంది. "రాజుని ఒక గడి పక్కకి జరుపుకుని కూర్చుంటే చాలు. ఆగమని చెప్పేవాళ్లు లేరు."

ఆ రోజు గ్లాసులు కడిగింది నాంచారయ్యే. నోరు తెరిచినందుకు కాదు.

ఆ తర్వాత ఆయన నేర్పడం మానేశాడు. పిల్లల తరగతి ప్రసూన చేతికి ఇచ్చాడు. ఆ పిల్లల్లో జుబేదా అని సరంగు కూతురు ఒకతి ఉంది. కాళ్లు నేలకి అందవు. పావు పట్టుకుంటే మాత్రం పెద్దవాళ్లు పక్క బల్లల నుంచి లేచి వచ్చి చూస్తారు. ప్రసూన ఆ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని తనకి వచ్చిందంతా చెప్పింది. ఇది బందరుకి బిరుదు తెస్తుందని అందరితో అనేది.

మరుసటి ఏడు క్లబ్బు సభ్యుల సమావేశంలో నాంచారయ్య లేచాడు. సమావేశాల్లో ఆయన మాట్లాడటం ఎవరూ ఎరగరు. తన గీతల్లో వినిపించింది దాచకుండా చెప్పాడు. నేర్పేవాళ్లంతా నేర్పేటప్పుడు పట్టీ కట్టుకోవాలి, నెలకోసారి పెట్టె ముందు కూర్చుని వినాలి అన్నాడు. పిల్లలకి కట్టే ముందు మనం కట్టుకుందాం అన్నాడు.

అధ్యక్షుడు కొండలరావు కూడా పిల్లలకి నేర్పేవాడే. మాస్టారికి వచ్చిన జబ్బు ఊరందరికీ అంటగట్టడం ఎందుకన్నాడు. రాహేలు అందుకుని, నేర్పేవాళ్లలో ఇద్దరు తమంతట తామే వచ్చి పట్టీ కట్టించుకున్నారని చెప్పింది. పేర్లు చెప్పలేదు. వాళ్ల గీతల్లోనూ అదే ఉంది. వేరే మాట, వేరే గొంతు. పని అదే. లాంచీలో కొందరు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"అయితే ఇక ఎవరు నేర్పుతారండీ? ఈవిడగారి పెట్టె నేర్పుద్దా?" అన్నాడు కొండలరావు. నవ్వారు.

"మనిషే నేర్పుతాడు" అన్నాడు నాంచారయ్య. "ఏం చేస్తున్నాడో తెలుసుకుని నేర్పుతాడు."

తీర్మానానికి ఒప్పుకుంటే తెల్ల బంటు, కాదంటే నల్ల బంటు బల్ల మీద పెట్టాలి. ఎవరూ ముందు పెట్టలేదు. ప్రసూన ఎటు పెడితే అటు పెట్టేవాళ్లే ఎక్కువమంది. పోగొట్టుకుంది ఆమె కదా. కొండలరావుకి కూడా ఆ సంగతి తెలుసు.

"ఓడినవాళ్లు ముందు మాట్లాడాలి, అది మన పద్ధతి" అన్నాడు. "ప్రసూనా, నువ్వే చెప్పమ్మా."

ప్రసూన లేచి వచ్చింది. పిడికిలి విప్పి బంటు బల్ల మీద పెట్టింది. నల్లది. అయస్కాంతం దాన్ని టక్కున పట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి పెట్టారు. బల్ల నల్లబడింది. తెల్ల బంట్లు నాంచారయ్యదీ రాహేలుదీ.

పట్టీలు పిల్లలకి మాత్రమే కట్టాలని తీర్మానం రాసుకున్నారు.

సమావేశానికి ముందు వారం ప్రసూన నుదుటికి పట్టీ కట్టుకుని జుబేదాతో ఒక ఆట ఆడింది. ఎవరికీ చెప్పలేదు. పిల్లలు వెళ్లిపోయాక పెట్టె ముందు ఒక్కతే కూర్చుని విన్నది. తన అడుగు గీత విన్నది, పై గీత విన్నది. విన్నాక ఆ గీతలు తుడిపేసింది.

సమావేశం తర్వాతి ఆదివారం పోటు త్వరగానే తగ్గింది. పిల్లలు బల్లల ముందు కూర్చున్నారు. జుబేదా నుదుటి మీద పట్టీ చిన్న దీపంతో వెలుగుతోంది. నేర్పేవాళ్ల కోసం చేయించినవి పై కొక్కేనికి వేలాడుతున్నాయి. నాంచారయ్య వెనక తొట్టి దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు. ఆయనకి ఇప్పుడు అదే పని.

ఆట సగానికి వచ్చింది. జుబేదా బల్ల మీదికి వంగింది. కళ్లు మెరిశాయి. చెయ్యి ఏనుగు మీదికి వెళ్లింది. ప్రసూన ఆ చేతిని చూసింది, ఏనుగు వెళ్లబోయే గడిని చూసింది, దాని తర్వాత తన రాజుకి దారి లేకపోవడం చూసింది.

"తొందరపడకు" అంది.

తొట్టి దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది.

జుబేదా ఆమె మొహంలోకి చూసింది. టీచర్ తన మంచికే చెబుతుందని ఆ పిల్లకి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుంది.