పెరిగే నొప్పి

ఆ శనివారం ఉదయం వంటగదిలో గుడ్లు ఉడుకుతున్నాయి, రొట్టె మాడుతోంది, స్నానాల గది తలుపు దగ్గర ఆ ఇంటి పెద్దలు, అక్కాతమ్ముళ్లు ఇద్దరూ, ఎవరు ముందని వాదులాడుకుంటున్నారు. అంటే ఇల్లంతా మామూలుగానే ఉంది. మామూలుగా లేనిది ఒక్కటే. ప్రాక్టీసు ఉన్న రోజు అందరికంటే ముందు లేచి, బూట్లు వేసుకుని గుమ్మంలో గంతులేసే పదకొండేళ్ల పిల్ల దుప్పటి మెడదాకా లాక్కుని, వెల్లకిలా పడుకుని ఫ్యానుకేసి చూస్తోంది.

ఆ పిల్ల ఫుట్‌బాల్ టీములో గోల్‌కీపర్. అందరూ ‘గోడ’ అంటారు. ఆ పేరు పెట్టింది ఓడిపోయిన టీము వాళ్లే, ఏడుపు మొహాలతో. ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది. “గోడా, పాలు తాగవే” అని తల్లి కేకేస్తే, కొత్తగా వచ్చిన చుట్టాలు బిత్తరపోయి గోడకేసి చూసేవాళ్లు.

“లేవవే, టైమవుతోంది,” అంది తల్లి గదిలోకి వస్తూ.

“ఇవాళ రానమ్మా. కడుపునొప్పి.”

“మొన్న తలనొప్పి. అంతకుముందు కాలు బెణికింది. లోకంలోని నొప్పులన్నీ వరసకట్టి నీ దగ్గరికే వస్తున్నాయా?”

పిల్ల దుప్పటి ఇంకా పైకి లాక్కుంది. తల్లికి ఒళ్లు మండింది. ముందురోజు సాయంత్రం కోచ్ ఫోన్ చేశాడు. “కిందటి మ్యాచ్‌లో బంతి నేరుగా మీదకొస్తుంటే పక్కకి తిరిగిపోయిందమ్మా. ఎప్పుడూ అలా చెయ్యదు. దేనికో భయపడుతోంది, కాస్త కనుక్కోండి” అన్నాడు. భయం అన్న మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఆమె ఒక హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. వేడివేడి దుప్పట్లు మడతపెడుతూ తోటివాళ్లకి కూతురి కబుర్లు చెప్పని రోజు లేదు. బంతిని చూసి భయపడే పిల్లా తన పిల్ల?

“పోనీలే, ఒక్కరోజు మానేస్తే ఏమవుతుంది,” అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. అతను లిఫ్టు మెకానిక్. భుజాన పనిముట్ల సంచీ అప్పుడే తగిలించుకున్నాడు.

“మీరూరుకోండి! మీ పోనీలేలతోనే ఇది ఇలా తయారైంది. ఒక్కరోజు కాదు, మూడోవారం ఇది.”

విసురుగా దుప్పటి లాగి, చెయ్యి పట్టుకుని పిల్లని పైకి లేపింది. ఆ విసురులో ఆమె మోచెయ్యి పిల్ల ఛాతీకి తగిలింది. గట్టి దెబ్బేం కాదు. కానీ పిల్ల కెవ్వున అరిచి, రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది.

“ఏమైందే? నేను కొట్టలేదే! ఏదీ, చూడనీ.”

“ముట్టుకోకు!”

తల్లి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈమధ్య పిల్ల ఇంట్లో కూడా వదులు చొక్కాలే వేసుకోవడం, ఎవరైనా దగ్గరికి తీసుకోబోతే తప్పుకోవడం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నెమ్మదిగా అడిగింది. “తల్లీ, ఎవరైనా... నిన్నేమైనా చేశారా?”

“ఎవరూ ఏం చెయ్యలేదమ్మా.” పిల్ల వెక్కుతోంది. “నాకూ వచ్చింది. అత్తకొచ్చిందే.”

తండ్రి భుజం మీంచి సంచీ నెమ్మదిగా జారి నేలకి ఆనింది.

అత్త అంటే అతని అక్క. బడి బస్సు నడుపుతుంది. రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక తమ్ముడింటికి వచ్చేసింది. కోలుకుంది, మళ్లీ స్టీరింగు పట్టింది. కానీ ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆడపడుచు మనసు కష్టపడుతుందని, పిల్ల బెదిరిపోతుందని తల్లే అందరినీ కట్టడి చేసింది.

“ఇక్కడ, ఎడమవైపు,” అంది పిల్ల. “లోపల గుండీలా గట్టిగా ఉంది. బంతి తగిలితే ప్రాణం పోతుంది. బోర్లా పడుకున్నా నొప్పే. అత్తకీ ఎడమవైపేగా. చిన్న గడ్డలాగే మొదలైందని నువ్వు తలుపేసుకుని నాన్నకి చెప్పావు. నేను విన్నా.”

“మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ?”

“ఆ మాట ఎత్తితే అత్త ఏడుస్తుందని నువ్వేగా అన్నావు.”

తల్లి ఇంట్లో అందరినీ కాచుకుంటున్నానని ఇన్నాళ్లూ అనుకుంది. పదకొండేళ్ల పిల్ల పెద్దవాళ్లని కాచుకుంటూ, చావు భయాన్ని ఒక్కతే గుండెలో దాచుకుని తిరిగింది.

తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని అత్త లోపలికి వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. “వదినా, అది చిన్నపిల్ల, తెలియక...” అని తల్లి అడ్డుపడబోయింది.

“ఉండమ్మా,” అని అత్త మంచం అంచున కూర్చుంది. తమ్ముణ్ణి చూసి, “నువ్వెళ్లి ఆ రొట్టె సంగతి చూడరా, బొగ్గయిపోతోంది,” అంది. అతను వెళ్లాక పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. “సరిగ్గా చనుమొన కిందే కదూ? చొక్కా రాసుకున్నా చురుక్కుమంటుంది కదూ?”

పిల్ల తలూపింది.

“అది నాకీమధ్య వచ్చింది కాదే పిచ్చిమొహమా. నేను నీ అంత ఉన్నప్పుడు వచ్చింది. మీ అమ్మకీ వచ్చింది. రొమ్ములు పెరగడం మొదలైతే అలాగే సలుపుతుంది.”

“నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు.”

“అయితే నా మాట నమ్మకు. డాక్టర్ మాట నమ్ముదువుగాని. లే.”

“ఇంత చిన్నదానికి డాక్టర్ ఎందుకు వదినా?” అంది తల్లి గొంతు తగ్గించి. తన చిన్నప్పుడు ఇదే నొప్పికి వాళ్లమ్మ ఒక బిగుతు బనీను చేతికిచ్చి, ఎవరితోనూ అనకు అని ఊరుకుంది. అంతటితో సరి.

“పిల్ల తిండీ నిద్రా మానుకుని మోసింది. చిన్నదెలా అవుతుందమ్మా?”

క్లినిక్కులో డాక్టరమ్మ తొందరపడలేదు. పిల్లనే అడిగి, సరేనన్నాక, తల్లిని పక్కన నిలబెట్టుకుని పరీక్ష చేసింది. తర్వాత కుర్చీ పిల్ల ముందుకి జరుపుకుని కూర్చుంది.

“ఇది గడ్డ కాదు. నీ వయసులో రొమ్ము పెరగడం మొదలైతే ముందు ఇలాగే చిన్న మొగ్గలా గట్టిగా తగులుతుంది. ఒంట్లో తయారయ్యే హార్మోన్ల పని ఇది. చాలామందికి ఒకవైపే మొదలవుతుంది. రెండోది కొన్నాళ్లు ఆగి వస్తుంది.”

“మరి అత్తకి వచ్చిందో?”

“అది వేరు, ఇది వేరు. ఇంట్లో ఒకరికి ఆ జబ్బు వచ్చిందని నువ్వు పెద్దయ్యాక మీ డాక్టర్‌కి చెప్పు, ఎప్పుడు ఏ పరీక్షలు కావాలో వాళ్లు చూస్తారు. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది పెరగడమే.”

నొప్పిగా ఉన్నప్పుడు చల్లటి గుడ్డ కాసేపు వేసుకోమంది. కొందరికి గోరువెచ్చటి నీళ్ల స్నానం హాయిగా ఉంటుంది, ఏది నప్పితే అది. మెత్తటి లోదుస్తులు, ఆటలప్పుడు ఒంటికి సరిపడేవి, బిగించేవి మాత్రం వద్దు. ఉందా పోయిందా అని మాటిమాటికీ నొక్కి చూసుకోవద్దు. “మరీ ఓర్చుకోలేకపోతే మాత్ర వెయ్యొచ్చు, ఏదో ఎంతో నన్నడిగి వెయ్యండి. ఎర్రబడినా, వేడెక్కినా, జ్వరం వచ్చినా, చనుమొన నుంచి ఏదైనా కారినా, నొప్పి పెరుగుతూ పోయినా వెంటనే తీసుకురండి,” అని తల్లితో అంది.

“ఆడొచ్చా?” అంది పిల్ల. ఇన్ని మాటల్లో ఆమెకి కావలసింది అదొక్కటే.

“భేషుగ్గా. ఛాతీకి పలుచటి గార్డు వేసుకుని ఆడు.”

బట్టల షాపులో తల్లి ఒక్కో లోదుస్తునీ తిరగేసి కుట్లు తడిమి చూసింది. గుడ్డ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. “ఇది గుచ్చుకుంటుంది. ఇది రెండు ఉతుకులకే గోనెపట్టా అవుతుంది,” అంటూ పక్కన పడేస్తుంటే సేల్స్ అమ్మాయి మొహం చిన్నబోయింది. పిల్ల మాత్రం చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది.

తర్వాతి ప్రాక్టీసుకి తల్లి, అత్త ఇద్దరూ వెళ్లారు. కోచ్‌తో తాను మాట్లాడతానని తల్లి లేవబోతే పిల్ల ఆపింది. “నా సంగతి నేను చెప్పుకుంటా.”

టీమంతా చుట్టూ ఉండగానే చెప్పింది. మొహం ఎర్రబడింది గానీ మాట తడబడలేదు. “సర్, నేను భయపడి పక్కకి తిరగలేదు. రొమ్ములు పెరుగుతున్నాయి, అందుకని నొప్పి. డాక్టర్ మామూలే అన్నారు. ఇకనుంచి గార్డుతో ఆడతాను. నొప్పి ఎక్కువున్న రోజు చెప్తాను, ఆ రోజు ఛాతీ మీద బంతి తీసుకునే ప్రాక్టీసు నాకొద్దు.”

ఎవరో కిసుక్కుమన్నారు. కోచ్ చురుక్కున చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. “ముందే చెప్పాల్సింది, గోడా. నేనూ అడగాల్సింది,” అన్నాడాయన. అంతలో మడమ నొప్పని వారాలుగా బెంచీ మీదే కూర్చుంటున్న పిల్ల లేచి నిలబడింది. “సర్, నాక్కూడా... మడమ కాదు,” అంది.

కంచె ఇవతల తల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తాను తన తల్లితో అనలేని మాట, ఆడపడుచుతో అనలేని మాట, తన కూతురు పట్టపగలు మైదానం మధ్యలో నిలబడి అంది. ఆమె ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. “వదినా, ఆపరేషన్ అప్పుడు మీకు ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.”

“అడుగుతావేమోనని చూశానమ్మా,” అంది అత్త. “ఇంటికెళ్లాక చెప్తాను. చాలా ఉంది.”

ఆ నెలాఖరు మ్యాచ్‌లో గోడ ఒక గోల్ వదిలేసింది. చేతులకి అందకుండా మూల నుంచి దూసుకుపోయింది. కానీ ఆ తర్వాత వచ్చిన బంతి, నేరుగా, ఛాతీ ఎత్తులో, రాయిలా వచ్చింది. పిల్ల పక్కకి తిరగలేదు. రెండు చేతులూ ముందుకి చాచి, కళ్లు తెరిచే ఉంచి, పట్టేసింది.

వెనక వరసలోని ఆవిడ ముందుకి వంగి గుసగుసగా అడిగింది. “మీ అమ్మాయి మా దానికేదో చెప్పిందటండీ, ఆ నొప్పి గురించి... డాక్టర్‌కి చూపించారా?”

“చూపించాం,” అంది తల్లి, నలుగురికీ వినబడేలా. “రొమ్ము నొప్పేనండీ, ఈ వయసులో మామూలే. రండి, ఇలా కూర్చోండి, అన్నీ చెప్తాను. అదిగో, ఆ గోల్ ముందున్నది మా అమ్మాయే.”